12 లీటర్ల కుక్కర్, 5 కిలోల దుంపలు, 40 మంది భోజనం

ముందే చెప్పేస్తాను, కుక్కర్ బాగుంది. ఏడాదికి మూడు నాలుగు సార్లు 30, 40 మందికి ఇంట్లోనే వండుకునే అలవాటున్న ఇల్లయితే కొనుక్కోండి, డబ్బులు వృథా కావు. నలుగురే ఉండే ఇంట్లో, ఎప్పుడో పండక్కి బంధువులొస్తారు కదా అని మాత్రం కొనకండి, అటక మీద చోటు పోవడం తప్ప ఉపయోగం లేదు. ఇక వివరంగా రాస్తాను, ఎందుకంటే కొనేముందు నాకు ఇలా ఎవరైనా చెప్పి ఉంటే రెండు మూడు వంటలు పాడయ్యేవి కావు.

నేను తీసుకున్నది 12 లీటర్ల అల్యూమినియం ప్రెషర్ కుక్కర్, రెండు పక్కలా పిడులున్నది. ఏడాదిన్నర క్రితం విజయవాడ వన్ టౌన్‌లో ఒక సామాన్ల కొట్లో 4,800 పెట్టి కొన్నాను. కంపెనీ పేరు జోలికి పోను, ఈ సైజు కుక్కర్‌తో ఇంట్లో పని ఎలా ఉంటుందో చెప్పడమే నా ఉద్దేశం. ఏది కొన్నా ISI గుర్తు మాత్రం చూసుకోండి. ఇంట్లో వాడే ప్రెషర్ కుక్కర్లకి అది 2021 ఫిబ్రవరి నుంచి తప్పనిసరి, గుర్తు పక్కన IS 2347 అని నంబరు ఉంటుంది. ఇంత పెద్దదాంట్లో ఆవిరి పట్టి ఉంటుంది కాబట్టి ఇందులో రాజీ పడొద్దు. ఇప్పటికి ఏడు పెద్ద వంటలకి వాడాను, ఏడింట్లోనూ ఒక దుంప కూర ఉంది. మా ఇంట్లో బంగాళాదుంప లేకుండా నలుగురికి భోజనం పెట్టడం జరగదు. అనంతపురం నుంచి వచ్చే మా వదిన ఉర్లగడ్డ అంటుంది, హైదరాబాద్‌లో ఉన్న ఆడపడుచు ఆలుగడ్డ అంటుంది, మేం ఉత్తి దుంప అంటాం, విస్తట్లో పడ్డాక అందరూ మారు వడ్డించుకునేది దాన్నే.

అసలు కుక్కర్ ఎందుకు కొన్నానో చెప్పాలి. మా మరిది కూతురి అన్నప్రాసనకి వంట అంతా ఇంట్లోనే అనుకుని, ఒక్క దుంపల వేపుడు మాత్రం దగ్గర్లో ఉన్న కర్రీ పాయింట్‌కి ఆర్డర్ ఇచ్చాం. 5 కిలోల దుంపలు పొట్టు తీసి, ముక్కలు కోసి, వేయించే ఓపిక ఆ రోజు ఎవరికీ లేదు. పదిన్నరకి తెచ్చారు, వేడి వేడిగా, మూత బిగించిన స్టీలు క్యానుల్లో. చూడ్డానికి ఎర్రగా, కరకరలాడుతూ ఉంది, అందరం సంతోషపడ్డాం. ముహూర్తం అయ్యి విస్తళ్లు వేసేసరికి ఒంటిగంట కావస్తోంది. మూత తీస్తే లోపలి నుంచి చెమట కారుతోంది, ముక్కలన్నీ అతుక్కుపోయి ముద్దయ్యాయి, అడుగున కొంచెం పులిసిన వాసన కూడా. వడ్డించకుండా పక్కన పెట్టేశాం. ఎనభై ఏళ్లకు దగ్గరపడ్డ మా అత్తయ్యగారు "దుంప కూర మిగిలిపోవడం నా ఎరుకలో లేదమ్మాయ్" అన్నారు, ఆ మాట నాకు చాలా రోజులు గుర్తుండిపోయింది. వాళ్లు తెచ్చిన తీరు తప్పే, వేడి వేపుడుకి మూత బిగించకూడదు. కానీ అసలు తప్పు మాది. వేపుడు రెండున్నర గంటలు ఆగే వస్తువు కాదు, ఎవరు చేసినా ఆగదు.

ఆ తర్వాత నాలుగైదు సార్లు రకరకాలుగా చేసి చూశాక నాకు తేలింది ఒకటే. ఎక్కువ మందికి వండేటప్పుడు ముందురోజు సిద్ధం చేసుకోవాల్సింది దుంప, కూర కాదు. ఉడకబెట్టడం, పొట్టు తీయడం, చల్లార్చడం, ఈ మూడూ ముందురోజు సాయంత్రం అయిపోవాలి. పోపు, పులుపు, ఆవ, కొబ్బరి, కరకర, ఇవన్నీ ఆ రోజు పొద్దున. ఒకటి రెండు కూరలు తప్ప మిగతా అన్నిటికీ ఇదే పద్ధతి, ఈ పద్ధతికి పెద్ద కుక్కర్ లేకపోతే కుదరదు. మామూలు 5 లీటర్ల కుక్కర్‌లో రెండు కిలోలు మించి పట్టవు, మూడు వాయిలు పెట్టాలి, మూడో వాయి దిగేసరికి మొదటి వాయి దుంపలు ఎక్కడ పెట్టామో వెతుక్కోవాలి.

ఇప్పుడు ఉడకబెట్టే సంగతి. 12 లీటర్లు అంటే 12 లీటర్లూ నింపేసేది కాదు, మూడింట రెండు వంతులే. అంటే దాదాపు 8 లీటర్లు, మధ్యరకం దుంపలు 5 కిలోలు సరిగ్గా ఆ గీత దగ్గరికి వస్తాయి. అడుగున చిల్లుల పళ్లెం వేసి, లీటరుంపావు నీళ్లు పోసి, గుప్పెడు కల్లుప్పు వేసి, పెద్ద దుంపలు కిందా చిన్నవి పైనా పేరుస్తాను. దుంపలు నీళ్లలో మునగక్కర్లేదు, ఆవిరికే ఉడుకుతాయి, మునిగేలా పోస్తే పగిలి నీళ్లు పీల్చి పొద్దున్నకి కూర జావ అవుతుంది. మొదటి విజిల్ రావడానికి మా స్టవ్ మీద 25 నిమిషాలు పైనే పడుతుంది, అలవాటు లేనివాళ్లకి టెన్షన్ వస్తుంది, గ్యాస్కెట్ పట్టలేదేమో అని మూత కదుపుతారు, కదపకండి. మొదటి విజిల్ వచ్చాక మంట తగ్గించి రెండో విజిల్ వరకు ఉంచి ఆపేయాలి. ఆవిరి తనంతట తాను దిగడానికి ఇంకో 20 నిమిషాలు, అప్పుడు కూడా లోపల ఉడుకుతూనే ఉంటాయి, దాన్ని లెక్కలో వేసుకోవాలి. మొదటిసారి నేను చిన్న కుక్కర్ అలవాటుతో నాలుగు విజిల్స్ రానిచ్చాను. మూత తీస్తే దుంపలు లేవు, పొట్టు తేలుతున్న ముద్ద ఉంది. ఆ రోజు మెనూ మార్చి అందరికీ బోండాలు వేశాం.

మూత తీయగానే దుంపల్ని అలాగే కుక్కర్‌లో వదిలేయకండి, దీని మీదే కూరంతా ఆధారపడుతుంది. నేను వంటింటి గట్టు మీద ఉతికిన పాత నూలు చీర రెండు మడతలు పరిచి, జల్లి గరిటెతో తీసి ఒక్కొక్కటి విడివిడిగా పరుస్తాను. అప్పుడు చూడాలి, దుంప ఒంటి మీద తడి రెండు నిమిషాల్లో ఆవిరై లేచిపోయి, మెరుస్తున్న పొట్టు కాస్తా మసకబారి, అక్కడక్కడ ముడత పడి, చీలిన చోట లోపలి తెలుపు పిండిలా పొడిపొడిగా కనిపిస్తుంది. అలా మసకబారాక చెయ్యి పట్టేంత వేడి ఉండగానే పొట్టు తీసేయాలి, బొటనవేలితో ఒక్క తోపు తోస్తే సగం పొట్టు ఊడి వస్తుంది. పూర్తిగా చల్లారాక కూర్చుంటే అదే పొట్టు గోళ్లలో ఇరుక్కుంటుంది. 50 దుంపలు, ముగ్గురు ఆడవాళ్లు, ఒక సీరియల్ ఎపిసోడ్ అంత సేపు, అయిపోతుంది. మా తోడికోడలు పక్కన కూర్చుంటే అంత సేపు కూడా పట్టదు. "అక్కా, నువ్వు లెక్కపెట్టు, నేను ఒలుస్తా" అంటుంది, తన చేతి వేగం అలాంటిది.

ఒలిచిన దుంపలు వెడల్పాటి పళ్లాల్లో ఒకే వరసగా పరిచి, ఫ్యాన్ కింద చల్లార్చి, ఫ్రిజ్‌లో పెట్టాలి. పెద్ద తపేలాలో కుప్పగా పోసి పెడితే మధ్యలో ఉన్నవి రాత్రి పదింటికి కూడా వెచ్చగానే ఉంటాయి, పాడయ్యేది అక్కడే. వండినదేదైనా రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్లాలి అనేది లెక్క, బయట 32 డిగ్రీలు దాటితే గంటే. మే నెల విజయవాడలో 32 అంటే పొద్దుగూకాక కూడా ఉంటుంది, కాబట్టి మాకు ఎప్పుడూ గంట లెక్కే. ఫ్రిజ్‌లో ముందే రెండు అరలు ఖాళీ చేసుకోండి, దుంపలు చేతిలో పట్టుకుని చోటు వెతకడం జరిగే పని కాదు.

ఇలా రాత్రంతా చల్లబడ్డ దుంపకి ఒక సుగుణం వస్తుంది. ఉడికినప్పుడు ఉబ్బిన పిండిపదార్థం చల్లారేకొద్దీ మళ్లీ దగ్గరపడి గట్టిపడుతుంది. అందుకే పొద్దున కత్తి పెడితే ముక్క అంచు పదునుగా, చితకకుండా వస్తుంది. వేడి దుంప కోస్తే కత్తికి అంటుకుని సగం పొడవుతుంది కదా, ఆ బాధ ఉండదు. ఇంక వేపుడుకైతే దీనికి మించింది లేదు. చల్లటి ముక్కల్ని వెడల్పాటి బాండీలో ఒక్కో వాయికి కిలోన్నర చొప్పున, నూనె బాగా కాగాక వేసి, ఊరికే కెలక్కుండా వదిలేస్తే పావుగంటలో ఎర్రగా పొర కడతాయి. విస్తళ్లు వేసే ముప్పావుగంట ముందు మొదలుపెడితే సరిపోతుంది, మూత పెట్టేదే లేదు. పచ్చి ముక్కల వేపుడు రుచి వేరే, ఒప్పుకుంటాను, నలుగురికైతే అదే చేసుకోండి. నలభై మందికి మాత్రం ఇదే.

ఒక జాగ్రత్త, ఫ్రిజ్‌లో పెట్టేది ఉడికిన దుంప. పచ్చి దుంపని పెట్టకండి. చలికి పచ్చిదుంపలో పిండి కాస్తా చక్కెరగా మారుతుంది, వేయిస్తే లోపల ఉడక్కముందే పైన నల్లబడుతుంది, తియ్యగా కూడా ఉంటుంది. వేపుడు ఎందుకు మాడుతోందో అర్థం కాక స్టవ్‌ని తిట్టుకున్న రోజులు నాకున్నాయి.

బోండా కూర, పరాఠాలో పెట్టే కూర, కట్లెట్, వీటికి లెక్క తిరగబడుతుంది. వీటికి దుంపని వేడి మీదే మెదిపేయాలి. చల్లబడి గట్టిపడ్డాక మెదిపితే ఎంత మెదిపినా ఉండలు తగులుతాయి. కాబట్టి ముందురోజు సాయంత్రమే చీర మీద నుంచి తీసినవి తీసినట్టు ఒక రెండు కిలోలు విడిగా మెదిపి, పోపు, పసుపు, పచ్చిమిర్చి, అల్లం అన్నీ వేసి కూర తయారుచేసి, చల్లారాక ఉండలు చేసి డబ్బాలో పెట్టేయొచ్చు. పచ్చి ఉల్లిపాయ, కొత్తిమీర మాత్రం వేయకండి, రాత్రంతా నీరు వదిలి ఉండ జారిపోతుంది, బోండా నూనెలో విచ్చుకుంటుంది. ఉల్లిపాయ కావాలంటే బాగా మగ్గనిచ్చి వేయండి. ఈ మెదిపిన కూర ఫ్రీజర్‌లో కూడా ఆగుతుంది, కట్లెట్లు చేసి విడివిడిగా గడ్డకట్టించి పది రోజులు ఉంచి చూశాను, వేయిస్తే తేడా తెలియలేదు. ఉడికిన ముక్కల్ని మాత్రం ఫ్రీజర్‌లో పెట్టొద్దు, కరిగాక నీళ్లు కారి స్పాంజిలా, ఇసకలా అయిపోతాయి. ఒక కిలో అలా పారేశాను.

ముందురోజే పూర్తిగా చేసి పెట్టుకోగలిగినవి ఏవంటే నా లెక్కలో రెండే, పులుసు, పూరీ కూర. పులుసు అయితే మర్నాటికి ఇంకా బాగుంటుంది, ముక్క లోపలికి పులుపూ కారం దిగి. కానీ చింతపండు రసం పోసేది దుంప ఉడికాకే. పులుపు తగిలాక దుంప ఇంక మెత్తబడదు, గంట మరిగించినా మధ్యలో గట్టిగా పలుకు తగులుతుంది. మేం ఎలాగూ ఉడికిన దుంపలే వేస్తాం కాబట్టి ఆ చిక్కు లేదు. ఇంకోటి, పులుసు ఈ కుక్కర్‌లో కాచొద్దు, అల్యూమినియానికీ చింతపండుకీ పడదు, స్టీలు గిన్నెలోనే. పూరీ కూర రాత్రికి రాత్రి బిగుసుకుపోతుంది, సెనగపిండి వేసినా వేయకపోయినా దుంపే గట్టిపడుతుంది కదా. పొద్దున చూసి కంగారు పడకుండా వేణ్ణీళ్లు కొంచెం కొంచెంగా పోస్తూ సన్నమంట మీద కలిపితే మళ్లీ జారుగా వస్తుంది. ఉప్పు అప్పుడు సరిచూసుకోండి, రాత్రి సరిపోయిన ఉప్పు పొద్దున్నకి దుంప పీల్చేసుకుని చప్పగా అవుతుంది. వేడి చేసేటప్పుడు ఊరికే వెచ్చబెట్టడం కాదు, మధ్యలో కూడా పొగలు కక్కేలా కుతకుతలాడాలి.

కుర్మా సగం సగం. ఉల్లి, టమాటా, మసాలా మగ్గిన ముద్ద ముందురోజు చేసి పెట్టుకోవచ్చు. కొబ్బరి, గసగసాలు రుబ్బిన ముద్ద మాత్రం పొద్దునే రుబ్బి పొద్దునే వేయాలి. పచ్చికొబ్బరి రాత్రి వేస్తే ఎండాకాలంలో పొద్దున్నకి తెలిసిపోతుంది, మాకు శ్రావణంలో కూడా ఒకసారి తెలిసింది. పెరుగు పచ్చడి అయితే మరీ సులువు, చల్లటి దుంపల్ని చిన్న ముక్కలు కోసి వడ్డించే అరగంట ముందు పెరుగులో వేసి పోపు పెట్టడమే.

ఇక ఆవ పెట్టిన కూర. దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే వ్రతం వంటలో ఉల్లి, వెల్లుల్లి ఉండవు, అప్పుడు దుంపకి రుచి తెచ్చేది ఈ ఆవే, చాలామంది పాడుచేసుకునేది కూడా ఇక్కడే. సత్యనారాయణ వ్రతానికి 3 కిలోల దుంపలతో చేస్తాం. దుంపల్ని ముక్కలు కోసి సగం చేత్తో చిదిపి పెట్టుకోవాలి. పెద్ద బాండీలో నూనె వేసి పచ్చిశనగపప్పు, మినప్పప్పు, ఆవాలు, ఎండుమిర్చి, అల్లం, పచ్చిమిర్చి, రెండు గుప్పిళ్ల కరివేపాకు, ఇంగువ వేసి, పసుపు వేసి, పెద్ద నిమ్మకాయలంత రెండు ఉండల చింతపండు చిక్కగా తీసిన రసం పోసి, పచ్చి వాసన పోయి నూనె తేలేదాకా మరగనివ్వాలి. అందులో దుంప వేసి ఉప్పు పట్టేదాకా కలిపి, దింపేయాలి. దింపి, పావుగంట వదిలేయాలి. ఆవ పెట్టేది ఆ తర్వాత.

ఆవకి నాలుగు చెంచాల ఆవాలు, రెండు ఎండుమిర్చి, చిటికెడు ఉప్పు, అరగంట నానబెట్టి చల్లటి నీళ్లతో రుబ్బాలి. మిక్సీలో అయితే ఆపి ఆపి తిప్పండి, జారు వేడెక్కితే ఆవ చేదెక్కుతుంది. మా అత్తయ్యగారు ఇప్పటికీ రోటి దగ్గరే కూర్చుంటారు. రుబ్బుతుంటే మొదట ఏ వాసనా ఉండదు, గింజ నలిగి నీళ్లు తగిలాక ఉన్నట్టుండి ఘాటు లేచి కళ్లలోంచి నీళ్లొస్తాయి, ఆవిడ "ఆఁ, పట్టింది" అంటారు. ఆ ఘాటు గింజ నలిగి తడి తగిలాకే పుడుతుంది, వేడి తగిలితే పోతుంది, ఊరికే వదిలేసినా గంటగంటకీ తగ్గిపోతుంది. అందుకే ముందురోజు రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టుకోవడం, మరుగుతున్న కూరలో వేయడం, రెండూ దండగే, చేదు మాత్రం మిగులుతుంది. చల్లారిన కూరలో ఆవ ముద్ద, పైన ఒక గరిటెడు పచ్చి నువ్వులనూనె వేసి కింది నుంచి పైకి కలిపితే, వడ్డించే వేళకి ముక్కు అదిరేలా ఉంటుంది. పోయిన కార్తీకంలో 40 మందికి చేసిన ఈ కూర గిన్నె అడుగు గీకి తిన్నారు. అన్నప్రాసన రోజు వడ్డించకుండా పక్కన పెట్టేసిన క్యానులు చూసిన నాకు ఆ ఖాళీ గిన్నె ఎంత తృప్తో చెప్పలేను.

మా తమ్ముడు డాలస్‌లో ఉంటాడు, అక్కడ తెలుగువాళ్లంతా పాట్‌లక్ పెట్టుకుంటారు, ఒక్కో ఇంటివాళ్లు ఒక్కో ట్రే. వాడికి ఎప్పుడూ దుంప కూరే పడుతుంది. ఈ పద్ధతి వాడికీ ఫోన్‌లో చెప్పాను, వాడు కుక్కర్ లేక ఓవెన్‌లో కాలుస్తాడు. ఒకటే హెచ్చరిక చేశాను, ఫాయిల్ చుట్టి కాల్చిన దుంపల్ని చుట్టినవి చుట్టినట్టే గట్టు మీద వదిలేయొద్దని. వాళ్ల టెక్సస్‌లోనే ఎల్ పాసోలో 1994లో ఒక రెస్టారెంట్‌లో అలా బయట ఉంచేసిన దుంపలతో చేసిన డిప్ (నంజుకునే పచ్చడి లాంటిది) తిని 30 మందికి బోటులిజం వచ్చింది, అంటే ఒక సూక్ష్మజీవి వదిలే విషం వల్ల నరాలు చచ్చుబడే జబ్బు. గాలి తగలకుండా, వెచ్చగా, తడిగా ఉంటే ఆ సూక్ష్మజీవికి అంతకంటే అనువైన చోటు లేదు. వాసన రాదు, రుచి మారదు. మన మూత బిగించిన తపేలాలకి కూడా నేను అదే భయం పెట్టుకున్నాను, వేడి దుంప కుప్ప మీద మూత పెట్టను.

దుంప కొనడం మీద రెండు మాటలు. మాకు ఎక్కువగా ఆగ్రా దుంపే వస్తుంది. మన తెలంగాణలో జహీరాబాద్ వైపు కూడా పండిస్తారు, హైదరాబాద్ వాళ్లకి అది దొరికితే తాజాగా ఉంటుంది. చలికాలం చివర్లో కొత్త దుంప వస్తుంది, పొట్టు పల్చగా, గోరు పెడితే లేచిపోయేలా. అది ముక్క విరగదు, వేపుడుకీ కుర్మాకీ పులుసుకీ మంచిది, బోండాకి మాత్రం జిగురుగా ఉంటుంది. ఎండలు ముదిరాక వచ్చేది కోల్డ్ స్టోరేజీ దుంప, పిండిగా ఉంటుంది, మెదిపే కూరలకి అది. సైజు ఒకేలా ఉన్నవి ఏరుకోండి, కిలోకి పది తూగేవి, లేకపోతే సగం పగులుతాయి సగం పలుకు. పచ్చగా మారినవి, మొలకలు వచ్చినవి ధర తగ్గించి ఇచ్చినా వద్దు, ఆ పచ్చ రంగున్న చోట చేరే విషం ఉడికించినా పోదు. మనిషికి 120 గ్రాములు లెక్కేస్తాను, ఇంకో నాలుగు రకాలు ఉన్న భోజనంలో. 40 మందికి 5 కిలోలు. దుంప ఒక్కటే కూర అయితే ఏడు కిలోలు కావాలి.

ఇప్పుడు కుక్కర్‌తో నాకున్న ఇబ్బందులు. మొదటిది బరువు. ఖాళీదే నాలుగు కిలోల దాకా ఉంటుంది, దుంపలూ నీళ్లూ కలిపితే పది దాటుతుంది, పిడులు పొట్టివి, వేడి మీద ఒక్కరే దింపే పని పెట్టుకోవద్దు. నేను అసలు దింపను, స్టవ్ మీదే ఆవిరి దిగనిచ్చి అక్కడే మూత తీసి గరిటెతో తోడేస్తాను. రెండోది, రెండు బర్నర్ల స్టవ్ అయితే ఇది పెట్టాక పక్క బర్నర్ మీద పాలగిన్నె తప్ప ఏదీ పట్టదు. పెద్ద బర్నర్ మీదే పెట్టాలి, చిన్నదాని మీద పెడితే అడుగువి పగిలిపోయి పైవి పచ్చిగా ఉంటాయి. పొద్దున పూట నాలుగు వంటలు నడుస్తుండగా ఇది పెట్టడం అయ్యే పని కాదు, ముందురోజు సాయంత్రమే పెట్టాలి అనడానికి ఇదొక కారణం. మూడోది కడగడం. సింకులో పట్టదు, పెరట్లోనో బాల్కనీలోనో కూర్చోవాలి. లోపల నల్లబడుతుంది, పిండేసిన నిమ్మతొక్కలు వేసి నీళ్లు మరిగిస్తే పోతుంది.

అన్నిటికంటే విసిగించింది గ్యాస్కెట్. ఏడాది తిరక్కుండానే సాగిపోయి, అంచుల నుంచి ఆవిరి పోతూ విజిల్ రావడం మానేసింది. సంక్రాంతికి మూడు రోజుల ముందు. మామూలు సైజులవి ఏ కొట్లో అయినా వేలాడుతుంటాయి, ఈ సైజుది ఎవరి దగ్గరా లేదు. సర్వీసు నంబరుకి ఫోన్ చేస్తే తెప్పించడానికి పది రోజులు అన్నారు, మళ్లీ చేస్తే ఫోన్ ఎత్తలేదు. చివరికి పాత గ్యాస్కెట్ సంచిలో వేసుకుని మా ఆయన వన్ టౌన్‌లో కొట్టు కొట్టుకీ తిరిగి తెచ్చారు. అది కంపెనీదే అవునో కాదో చూసుకునే తీరిక కూడా లేదు ఆ రోజు. గ్యాస్కెట్ వచ్చేలోపే ఆ పండక్కి దుంపలు పెద్ద తపేలాలో నీళ్లు పోసి ఉడికించాం, గంటా పది నిమిషాలు పట్టింది, గ్యాస్ సంగతి చెప్పక్కర్లేదు. కాబట్టి కొనే రోజే అదే కొట్లో అదనంగా ఒక గ్యాస్కెట్, ఒక సేఫ్టీ వాల్వ్ కొని బిల్లుతో పాటు దాచుకోండి. వాడిన ప్రతిసారీ గ్యాస్కెట్ తీసి కడిగి, మూతకి బిగించకుండా విడిగా పెట్టండి. కొత్తది అలా పెడుతున్నాను, ఇప్పటిదాకా బాగానే ఉంది.

షామియానా సామాన్ల దగ్గర గుండిగ అద్దెకి తెచ్చుకోవచ్చు కదా అంటారు. వంద మందికైతే అదే మంచిది, వంటవాళ్లని కూడా పెట్టుకోవాలి. నలభై లోపు అయితే గుండిగకి గాడిపొయ్యి కావాలి, పెద్ద సిలిండర్ కావాలి, మసి తోమి ఇవ్వాలి, అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లకి పెట్టే చోటు కూడా ఉండదు. 20 మంది లోపు అయితే ఇంట్లో ఉన్న 5 లీటర్లది రెండు వాయిలు పెట్టుకుంటే చాలు, ఇది కొనక్కర్లేదు.

ఈ కార్తీకంలో మళ్లీ వ్రతం ఉంది, ఈసారి 50 మంది అంటున్నారు. ఇందులో 5 కిలోలు, చిన్న కుక్కర్‌లో ఇంకో కిలోన్నర పెడతాను. ఫ్రిజ్‌లో అంత చోటు లేదు, పై వాటాలో ఉండే వాళ్లని ఒక అర అడిగాను, సరే అన్నారు.